పాల పెట్టెలో నా పేరు

నేను చేసిన ప్రతి వస్తువు మీదా నా పేరు రాస్తాను. కొందరు దీన్ని గొప్ప చెప్పుకోవడం అనుకుంటారు. కాదు, బాధ్యత. రేపు ఆ వస్తువు చెడిపోతే ఎవరిని తిట్టాలో జనానికి తెలియాలి కదా! ఆ తిట్లు దారి తప్పి పక్క షాపువాడికి తగిలితే పాపం ఎవరిది?

అందుకే మా చుట్టుపక్కల మోటారు స్టార్టర్ పెట్టెల మూతల మీద, స్టెబిలైజర్ల వీపుల మీద, చివరికి చర్చి మైకు మీద కూడా 'కె. చెంగల్రాయులు, ఎలక్ట్రానిక్స్' అని కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్స్ నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. విప్పి నేర్చుకున్నాను. కొన్నింటిని మళ్ళీ బిగించడం కూడా నేర్చుకున్నాను.

అట్లాంటి రోజుల్లో మా ఊరి ఆడవాళ్ళ పాల సంఘంలో పిడుగు పడి కంట్రోల్ పెట్టె కాలిపోయింది. పాలు చల్లబరిచే పెద్ద స్టీలు తొట్టికి ఆ పెట్టే బుర్ర. పాలు ఎంత వెచ్చగా ఉన్నాయో చూసుకుంటూ, కంప్రెసర్ వేస్తూ, ఆపుతూ, పాలను కలియబెట్టే రెక్కను తిప్పుతూ, తేడా వస్తే గంట కొట్టేది. అది పోయాక ఆడవాళ్ళే వంతులేసుకుని తొట్టి పక్కన కూర్చుని చేత్తో స్విచ్చులు వేస్తున్నారు. ఎవరైనా ఒక కునుకు తీస్తే ఊరి పాలన్నీ విరిగిపోతాయి. ట్యాంకర్ వాడు మూత తీసి, వాసన చూసి, పాలు తీసుకోకుండానే వెళ్ళిపోతాడు.

కంపెనీవాళ్ళు కొత్త పెట్టెకి చాలా రోజులు పడుతుందన్నారు. "నేను చేసిస్తా" అన్నాను. నోరు నాదే గానీ, తొందర దానిది.

సంఘం అధ్యక్షురాలు మునెమ్మక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. "పాలతో ఆటలొద్దబ్బా. ఇది మిక్సీ కాదు."

మిక్సీ కాదని నాకూ తెలుసు. అందుకే ఉస్తాదమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఉస్తాదమ్మ అసలు పేరు జమీలా మేడం. బెంగళూరులో లిఫ్టులకు బుద్ధి చెప్పే ప్రోగ్రాములు రాసి రాసి రిటైరై, సొంత ఊరికి వచ్చేసింది. మిద్దె మీద గులాబీ కుండీల మధ్య కూర్చుని, వచ్చినవాళ్ళకు ఊరికే నేర్పుతుంది. నాకు నలభై దాటాయి, నుదురు నడినెత్తి దాకా వచ్చింది. అయినా ఆమెకు నేను 'బేటా'నే.

ఆమె దగ్గర ఒక ఆచారం ఉంది. సన్యాసులకు కాషాయం ఇచ్చినట్టు, శిష్యుడికి అగ్గిపెట్టెంత బోర్డు ఇస్తుంది. దాని మీద ఆవగింజంత దీపం. ఆ దీపం మిణుకుమనేదాకా ఇంకో పాఠం లేదు.

"సొంతంగా ఏమీ రాయొద్దు. దీనితోపాటే ఒక నమూనా ప్రోగ్రాం వచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు నడిపించు. నడిచాక ఒక్కొక్కటే మార్చుకో" అంది.

ఎవరో రాసినదాన్ని ఉన్నదున్నట్టు నడపడంలో నా బాధ్యత ఏముంటుంది? చిన్నతనంగా అనిపించింది. అయినా కూర్చున్నాను. ఎన్ని తిప్పలు పడ్డానో చెప్పను గానీ, చివరికి దీపం వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. పరుగున ఇంటికి తీసుకుపోయి మా ఆవిడకు చూపించాను.

"సీరియల్ సెట్టా? మిగతా బల్బులేవీ?" అంది.

మర్నాడు ఉస్తాదమ్మ అసలు పాఠం చెప్పింది. "ఆ దీపాన్ని నడిపించింది నువ్వు కాదు, లోపలున్న కెర్నల్. మేస్త్రీ అనుకో. చిప్పు ఒక్కటే, పనులేమో చాలా. ఏ పని ముందు, ఏది వెనక అని నువ్వు ఒక్కోదానికి అంకె వేస్తావు. పెద్ద అంకె ఉన్న పని లేచిందంటే చిన్నవన్నీ పక్కకు జరగాల్సిందే. అది 'నేను కాసేపు ఆగుతా' అంటేనే మిగతావాటికి వంతు."

"దీన్ని రియల్ టైమ్ అంటారు కదమ్మా. అంటే చాలా వేగంగా పోతుందా?"

"వేగం కాదు, వేళ. తాళి పరుగెత్తుకుంటూ కట్టరు బేటా. ముహూర్తానికి కడతారు."

"దీని ఖరీదెంత?"

"ఊరికే. ఎవరెవరో రాశారు, అందరూ వాడుకోమని వదిలిపెట్టారు."

"వాళ్ళ పేర్లు?"

"లోపల ఎక్కడో ఉంటాయి. వెతికితే కనిపిస్తాయి."

వెతికితే తప్ప కనిపించని చోట పేరు పెట్టుకున్న ఆ మహానుభావుల మీద నాకు చాలా జాలి కలిగింది.

ఆమె చెప్పినట్టే ఒక్కొక్కటే కలుపుతూ పోయాను. దీపం ఉన్న చోట కంప్రెసర్ వచ్చింది. తరవాత రెక్క, ఆ తరవాత వేడి కొలిచేది, చివర గంట. బకెట్టు నీళ్ళ మీద పరీక్షించాను. అన్నీ వేళకు లేచాయి, వేళకు ఆగాయి. పెట్టెకు రెండు వరసల చిన్న తెర ఉంది. కింది వరసలో నీళ్ళ చల్లదనం కనబడుతోంది. పై వరస ఖాళీగా ఉంది.

ఖాళీగా ఉంటే నాకు నిద్రపట్టదు.

ఆ తెర మీద ఒక వరసకు ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. మా నాన్న నాకు పేరు పెట్టినప్పుడు ఈ సంగతి ఆలోచించలేదు. అందుకని పేరు కుడినుంచి ఎడమకు ఊరేగేట్టు రాశాను. చేసినవాడికి మర్యాద ఇవ్వాలి కాబట్టి అన్నిటికన్నా పెద్ద అంకె దానికే వేశాను. ఊరేగింపు మధ్యలో ఆగితే బాగుండదని ఎక్కడా ఆగకుండా రాశాను. పరీక్షించలేదు. పేరులో పరీక్షించడానికి ఏముంటుంది?

సాయంత్రం పాల వేళకు పెట్టె బిగించాను. సంఘంలోని ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. స్విచ్ వేశాను. 'కె. చెంగల్రాయులు' తెర మీద నిండుగా నడిచాడు. మళ్ళీ నడిచాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

మునెమ్మక్క తొట్టి మీద చెయ్యి పెట్టింది. "పేరు బాగుండాది. చల్లదనం యాడుండాది?"

రెక్క కదల్లేదు. కంప్రెసర్ ఉలకలేదు. కింది వరసలో ఒక్క అంకె లేదు. గంట మోగలేదు. పై వరసలో నేను మాత్రం పోతూనే ఉన్నాను.

"లెయ్యండే, లెయ్యండి! మళ్ళీ చేతులే గతి!" అని అక్క కేకేసింది. ఆడవాళ్ళు పాత స్విచ్చుల మీద పడ్డారు. పాలు దక్కాయి. నాకు దక్కింది ఒక్క మాట: "రేపు సాయంత్రం దాకా చూస్తాం. అప్పటికీ కాకుంటే నీ పెట్టె నువ్వు ఎత్తుకపో. పేరుండాది కదా, ఎవరిదో కనుక్కునే పని కూడా లేదు."

తెల్లారగానే పెట్టె చంకలో పెట్టుకుని మిద్దె ఎక్కాను.

"ఉస్తాదమ్మా, ఆ కెర్నల్‌లోనే లోపం ఉంది. ఊరికే ఇచ్చినవి ఇట్లాగే ఉంటాయి" అన్నాను.

ఆమె పెట్టెను ప్లగ్గుకు తగిలించింది. తెర మీద ఊరేగింపు కాసేపు చూసింది. మూత విప్పలేదు, కోడ్ అడగలేదు. ఫ్లాస్కులోంచి టీ పోసి, రెండు ఉస్మానియా బిస్కెట్లు సాసర్లో పెట్టి నా ముందుంచింది.

"నీ పేరేంది బేటా?"

"తెలుసు కదమ్మా."

"చెప్పు."

"చెంగల్రాయులు."

"మళ్ళీ. నేను చెప్పేదాకా ఆపకు."

"చెంగల్రాయులు, చెంగల్రాయులు, చెంగల్రాయులు..."

"టీ తాగు."

కప్పు నోటి దగ్గరికి తెచ్చాను.

"ఆపమన్నానా?"

కప్పు దించాను. "చెంగల్రాయులు, చెంగల్రాయులు..."

పక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న ఖాదర్ భాయ్ పిట్టగోడ మీదుగా తొంగి చూశాడు. "ఏమైంది జమీలా ఆపా, ఈయనకి? గాలి సోకిందా?"

"ఏం లేదు భాయ్. ప్రోగ్రాం నడుస్తా ఉంది" అంది ఉస్తాదమ్మ.

కాకి వచ్చి సాసర్ పక్కన వాలింది. నా వైపు చూసింది. నేను పేరు చెప్పాను. అది మర్యాదగా ఒక బిస్కెట్టు తీసుకుని వెళ్ళింది. ఇంకోదాని కోసం మళ్ళీ వచ్చింది. నాకు రెండు చేతులున్నాయి, నోరుంది, కోపం కూడా ఉంది. అన్నీ చెంగల్రాయుల్లోనే చిక్కుకున్నాయి. టీ మీద మీగడ కట్టింది.

చివరికి ఊపిరి అందక ఒక్క క్షణం ఆగి, గట్టిగా గాలి పీల్చాను.

"ఆ!" అని ఆమె వేలెత్తింది. "ఇప్పుడు తాగు."

తాగాను. చల్లారిపోయింది.

ఆమె గులాబీలకు నీళ్ళు పోయడానికి లేచింది. లేస్తూ అంది: "పేరు చెప్పుకో బేటా, తప్పు లేదు. మధ్యలో ఊపిరి తీసుకో."

నేను మెట్ల మీద కూర్చుని తెరను చూశాను. అందులో ఒకడు ఊపిరి తీసుకోకుండా పోతూనే ఉన్నాడు. వాడి వెనక రెక్క, కంప్రెసర్, గంట, వేడి కొలిచేది, అన్నీ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాయి.

ఇంటికి పోయి పేరుకు వేసిన అంకెను అన్నిటికన్నా చిన్నది చేశాను. ఒకసారి నడిచాక కాసేపు పక్కకు తప్పుకొమ్మని ఒక లైను కలిపాను. ఈసారి బకెట్టు నీళ్ళ మీద పరీక్షించాను.

సాయంత్రం పాలు పోశారు. స్విచ్ వేశాను. ముందు రెక్క తిరిగింది. తరవాత కంప్రెసర్ గుర్రుమంది. కింది వరసలో అంకె వచ్చి, మెల్లగా దిగసాగింది. మునెమ్మక్క తొట్టి మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. తరవాత చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది.

"పొయ్యి పడుకోండే" అంది ఆడవాళ్ళతో. ఇన్నాళ్ళకు వాళ్ళు ఆ మాట విన్నారు.

ఆ తరవాత తెర వైపు చూసింది. "ఏమబ్బా, నీ పేరు యాడ పోయింది?"

"వస్తాదక్కా. పనులన్నీ అయినాక."

వచ్చింది. నడిచింది, పోయింది. అప్పటికి అక్క అటు తిరిగి ఎవరి క్యానో కడుగుతోంది.

ఆ పేరు లేకపోయినా పాలు చల్లగానే ఉంటాయి. అది నాకు తెలుసు. తీసెయ్యడానికి పెద్ద చదువు కూడా అక్కర్లేదు, కొద్దిగా చెరిపితే చాలు. అది మాత్రం నేనింకా నేర్చుకోలేదు.