బ్రాకెట్టు మూడో కాలు

బ్రాకెట్టు మళ్ళీ విరిగింది.

మొదటిసారి విరిగినప్పుడు ఓబులేసు ఇనుమును తిట్టాడు. ఆ తర్వాత విరిగినప్పుడు వెల్డింగు కడ్డీలు అమ్మినవాణ్ణి తిట్టాడు. ఈసారి తిట్టడానికి ఎవరూ దొరకలేదు. ఎందుకంటే ఈసారి బ్రాకెట్టు ఒక్కటే పోలేదు, పోతూ పోతూ ఇంజను చెవిని కూడా పెరుక్కొని పోయింది.

చెవి అంటే, బోల్టులు బిగించుకోవడానికి ఇంజను పక్కన ఇనుప పోతలోనే వచ్చే ముక్క. బ్రాకెట్టు విరిగితే ఇంకొకటి చేసుకోవచ్చు. చెవి విరిగితే అతకడమే గానీ కొత్తది మొలవదు. ఓబులేసు ఆ ముక్కను అరచేతిలో పెట్టుకొని, వేడి ఇంకా పోకముందే దాన్ని ఉన్నచోట పెట్టి చూశాడు. అతుక్కుంటుందేమో అన్నట్టు! కిందపడ్డ పాలను గ్లాసులోకి ఎత్తాలనుకున్నట్టే ఉంది వాని పని.

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు మీద దస్తగిరి ఉస్తాద్ షెడ్డంటే పాత కార్లవాళ్ళకు తెలియనిది కాదు. ఇప్పుడు అక్కడున్నది పత్తి వ్యాపారం చేసే వీరారెడ్డి వాళ్ళ నాయన కాలపు అంబాసిడరు. ముసలి పెట్రోలింజను దించేసి, దాని స్థానంలో జపాను డీజిలింజను ఎక్కించారు. ఎండలు ముదిరేలోగా ఏసీతో సహా బండి చేతికి రావాలని రెడ్డి కోరిక.

ఇంజను ఎక్కించడమే పెద్ద పని అనుకుంటారు చూసేవాళ్ళు. గొలుసేసి దించితే అది ఒక పూటలో కూర్చుంటుంది. చావంతా ఆ తర్వాతే. ఆ బండి కోసం పుట్టిన ఇంజను కాదు కదా! డైనమోకు ఒకటి, ఏసీ కంప్రెసరుకు ఒకటి, కొత్తగా బ్రాకెట్లు చేసుకోవాలి. పుల్లీలన్నీ ఒక్క వరసలో నిలబడాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా బెల్టు కీచుమంటుంది, లేదంటే తెగి మొహాన కొడుతుంది.

ఓబులేసు పని మంచిది. నోరు కూడా గట్టిది. రెండూ ఒకేసారి నడిచినప్పుడే వచ్చింది చిక్కు. విరిగినప్పుడల్లా ముందటికంటే మందమైన పట్టీతో కంప్రెసరు బ్రాకెట్టు చేశాడు. "ఈసారి ఏనుగు ఎక్కి తొక్కినా విరగదు" అని రెడ్డితో అన్నాడు కూడా. ఏనుగు రాలేదు. బండి మైదుకూరు గేటు దాటకముందే ఫట్‌మంది.

నిజానికి ఆ షెడ్డులో బ్రాకెట్లు చేయడం ఓబులేసు పని కాదు. అది మాబు పని.

మాబు, ఓబులేసు ఇద్దరూ ఒకే ఏడు ఉస్తాద్ దగ్గర చేరారు. ఒకే కంచంలో తిన్నారు, ఒకే జాకీ కింద పడుకొని నూనె మొహాలకు పూసుకున్నారు. ఓబులేసు ఇంజను దించేవాడు, మాబు దాని చుట్టూ అన్నీ అమర్చేవాడు. "వీడు పెండ్లికొడుకును తెస్తాడు, వాడు పెండ్లి చేస్తాడు" అని ఉస్తాద్ నవ్వేవాడు.

అటువంటి మాబు, భార్య కుల్లాయమ్మకు జబ్బు చేసినప్పుడు కదిలిపోయాడు. కర్నూలు ఆస్పత్రిలో పెట్టుకొని ఒక్కడే తిరిగాడు. ఓబులేసు పట్టించుకోలేదని అనడానికి లేదు. "ఏం కావాలన్నా ఒక్క ఫోను కొట్టురా, నేనుండా" అన్నాడు. ఒకసారి పోయి క్యారియరు ఇచ్చి వచ్చాడు. ఆ పొద్దు గేటు దగ్గర మాబు వాని చొక్కా పట్టుకున్నాడు.

"ఈ ఒక్క రాత్రికి ఉండరా. నాకు బయంగా ఉండాది."

"పొద్దున్నే ఇంజను దించల్ల. రెడ్డి కూర్చోనుంటాడు. రేపు సాయంత్రం కచ్చితంగా వస్తా" అన్నాడు ఓబులేసు. ఆ రేపు రాలేదు. కుల్లాయమ్మ పోయింది.

ఆమెను మట్టి చేసే పొద్దు మాత్రం పోయాడు. శవాన్ని మోసే పెట్టెకు అందరూ మార్చి మార్చి భుజం పడుతున్నారు. ఓబులేసు రోడ్డు పక్కన మోటారుసైకిలు ఇంజను ఆపకుండానే, ఒక కాలు బండి మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడ్డాడు. ఫోను మోగుతూనే ఉంది. మాబు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు.

తర్వాత మాబు షెడ్డుకు వచ్చాడు గానీ చేతులు నిలవలేదు. స్పానరు జారేది, నట్లు రాలిపోయేవి. ఒకనాడు కొత్త డైనమో వాని చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. రెడ్డి అక్కడే ఉన్నాడు. ఓబులేసుకు ప్రాణం చచ్చినట్టయింది.

"చేతులు వణికేటోనికి స్పానరెందుకురా? కుదుటపడినాక రా పో" అన్నాడు.

మాబు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. గుడ్డను మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఉస్తాద్ దర్గా నుంచి వచ్చి "మాబు ఏడి?" అనడిగితే, "రెస్టు తీసుకోమన్నా ఉస్తాద్" అన్నాడు ఓబులేసు. ఉస్తాద్ ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. మరునాడు ఆయనే మాబు ఇంటికి పోతే తాళం ఉంది. బళ్ళారి పోయినాడన్నారు.

అదీ సంగతి. ఇప్పుడు విరిగిన చెవిని పట్టుకొని ఓబులేసు ఉస్తాద్ దగ్గరకు నడిచాడు. ఆయన షెడ్డు మూల పాత జీపు సీటు మీద కూర్చొని టీ తాగుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి, కంటికి పొర, చెవికి మాత్రం పొర లేదు. బండిని షెడ్డులోకి తోసుకొచ్చిన చప్పుడును బట్టే ఏం జరిగిందో ఆయనకు తెలుసు.

"నాకు చేతగావడంలేదు ఉస్తాద్" అన్నాడు ఓబులేసు. ఈ మాట వాని నోట ఆ షెడ్డు వినడం అదే మొదలు.

ఉస్తాద్ విరిగిన బ్రాకెట్టు తెమ్మన్నాడు. గుడ్డివాడు బిడ్డ మొహం తడిమినట్టు వేళ్ళతో తడిమాడు. రెండు కాళ్ళు ఇంజనుకు బిగించేవి. మూడో కాలు పొడుగ్గా కిందికి దిగి, బండి చట్రానికి, అదే చాసీకి, బిగించేది.

"ఈ కాలు ఎందుకు పెట్టినావు?"

"బలానికి ఉస్తాద్. ఇంజను మీద నమ్మకం చాలక, ఒక కాలు గట్టి జాగాలో ఉంటే మంచిదని."

ఉస్తాద్ కర్ర పట్టుకొని లేచి, బండి దగ్గరకు పోయాడు. వేలాడుతున్న బెల్టు తీసేయమన్నాడు. డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"ఒక చెయ్యి ఇంజను మీద పెట్టు. ఒక చెయ్యి చాసీ మీద పెట్టు. గట్టిగా పట్టుకో. మోచేతులు వంచగూడదు."

"వంచితే ఏమయితాది?"

"ఇనుము వంగుతాదా?"

ఓబులేసు బానెట్టు కింద వంగి, కుడిచేత్తో ఇంజనును, ఎడమచేత్తో చాసీని పట్టుకున్నాడు. ఉస్తాద్ తాళం తిప్పాడు. డీజిలింజను ఒక్క ఉదుటున లేచి గడగడలాడింది. కింద రబ్బర్ల మీద కూర్చున్న ఇంజను కదా, దాని ఊగులాట దానికుంటుంది. చాసీ మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. ఓబులేసు భుజాలు జలదరించాయి. పళ్ళు బిగబట్టాడు.

ఉస్తాద్ యాక్సిలరేటరు తొక్కాడు. ఇంజను ఒక పక్కకు ఒరిగింది. ఆయన కాలు తీశాడు, అది ఇటు ఒరిగింది. మళ్ళీ తొక్కాడు. ఓబులేసుకు రొమ్ము మధ్యలో పట్టి చీల్చుతున్నట్టయింది.

"అబ్బా!" అని ఒక చెయ్యి వదిలేశాడు.

ఉస్తాద్ ఇంజను ఆపాడు. ఆయన దిగి, నిదానంగా నడిచి వచ్చి ఓబులేసు ఎదురుగా నిలబడ్డాడు.

"ఏ చెయ్యి వదిల్నావు?"

"ఇంజను మీది చెయ్యి."

"అదే ఎందుకు వదిల్నావు?"

"అదే గదా ఉస్తాద్ ఊగతా ఉండేది..."

అన్నాడు. ఊగేదాన్నీ ఊగనిదాన్నీ ఒకేసారి పట్టుకున్న బ్రాకెట్టు ఎందుకు విరిగిందో అప్పుడు తెలిసింది. తన కుడి అరచెయ్యి చూసుకున్నాడు. ఆస్పత్రి గేటు దగ్గర చొక్కా పట్టుకున్న మాబు చెయ్యి గుర్తొచ్చింది, దాన్ని తాను ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా విడిపించుకున్నాడో గుర్తొచ్చింది. మట్టి దగ్గర మోటారుసైకిలు గుర్తొచ్చింది. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది. ఉస్తాద్ ఏమైనా తిడితే బాగుండు అనుకున్నాడు. ఉస్తాద్ తిట్టలేదు. నమాజుకు వేళయిందని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

ఆ సాయంత్రం ఓబులేసు బ్రాకెట్టు మూడో కాలిని కోసేశాడు. కొత్త కాలిని ఇంజను మీదికే తిప్పి బిగించాడు. పోత ఇనుము అతికేవాణ్ణి షెడ్డుకే పిలిచి, ఇత్తడి పోయించి చెవిని ఇంజనుకు అతికించాడు. బండి స్టార్టు చేస్తే కంప్రెసరు ఇంజనుతో పాటు ఊగింది. బ్రాకెట్టూ ఊగింది. బెల్టు మాత్రం నూలుపోగులా నిలబడి తిరిగింది, కీచుమనలేదు. రెడ్డి వచ్చి ఏసీ గాలికి మొహం పెట్టి, "శభాష్ మేస్త్రీ!" అన్నాడు. ఎన్నాళ్ళుగానో ఆ పిలుపు కోసం ఎదురుచూసిన ఓబులేసు తలొంచుకొని, అతుకు మీద రంగు పూస్తూ ఉండిపోయాడు.

మరునాడు పొద్దున్నే బళ్ళారి బస్సెక్కాడు.

వెతకడం కష్టం కాలేదు. లారీలు బాగుచేసే ఒక పెద్ద షెడ్డులో, లారీ కింద నుంచి బయటికి చాచిన కాళ్ళను చూసే గుర్తుపట్టాడు. మాబు బయటికి వచ్చి, ఒక క్షణం నిలబడి, తర్వాత నవ్వాడు.

"ఎప్పుడొచ్చినావు? టీ తాగుదాం రా."

టీ కొట్టు దగ్గర పని మాటలే మాట్లాడుకున్నారు. రెడ్డి బండి కథ ఓబులేసు చెప్పాడు. చెవి విరిగిందన్నాడు.

"చాసీకి కట్టింటావు" అన్నాడు మాబు, టీ ఊదుకుంటూ.

"కట్టినా."

"కట్టగూడదు రా."

"తెలిసింది. ఇప్పుడు తెలిసింది." ఓబులేసు గ్లాసు కింద పెట్టాడు. "ఆ పొద్దు ఆస్పత్రి కాడ ఉండిపోయింటే... తప్పు నాదేరా మాబూ. షెడ్డుకు రా. నీ చేతులు వణికితే వణకనీ. డైనమోలన్నీ పగలనీ. నేను పక్కనే ఉంటా. నేను పట్టుకుంటా."

మాబు కోప్పడలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఎండలోకి చాచాడు. గోళ్ళ సందుల్లో నూనె. వేళ్ళు బారుగా, రాయి మీద పెట్టినట్టు నిలకడగా ఉన్నాయి.

"ఇప్పుడు వణకడంలేదు, ఓబులేసూ" అన్నాడు.

టీ డబ్బులు మాబే ఇచ్చాడు. ఉస్తాద్‌కు సలాం చెప్పమన్నాడు. బస్సు కదిలేదాకా నిలబడి, చెయ్యి ఊపి, లారీ దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఓబులేసు తిరిగివచ్చేసరికి ఉస్తాద్ జీపు సీటు మీదే ఉన్నాడు. వాని అడుగు విని తల ఎత్తాడు.

"చూసినావా?"

"చూసినా. సలాం చెప్పమన్నాడు."

"చేతులు ఎట్లుండాయి వానికి?"

"బాగుండాయి ఉస్తాద్. వణకడంలేదు."

"అయితే మంచిదే గదా" అన్నాడు ఉస్తాద్.

"మంచిదే" అన్నాడు ఓబులేసు.

బల్ల మీద మాబు మడిచి పెట్టిన గుడ్డ అలాగే ఉంది. ఉస్తాద్ పక్కకు జరిగి, సీటు మీద వానికి చోటిచ్చాడు. ఓబులేసు కూర్చొని, రెండు చేతులతో మొహం మూసుకున్నాడు. వాని భుజాలు ఊగుతున్నంతసేపూ ఆ ముసలాయన చెయ్యి వాని వీపు మీదే ఉంది.