నక్క చావుకు వన్స్ మోర్

రైతు ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని, కుక్కల్ని కూడా తోలుకుని తిరనాళ్లకు వెళ్లారంటే, ఆ రోజు దొడ్లో జీవాలకు నాటకం. ఏటా అదే నాటకం, అవే వేషాలు. ముసలి ఎద్దు గంగులుది రాజు వేషం. ఉన్నది ఒకటే పద్యం, అదీ రెండో పాదం దగ్గర ఆగిపోతుంది. గోనెపట్టా తెర వెనక నుంచి మేక పోలమ్మ అందించేలోపే, ముందు వరసలో గేదెలు చెప్పేస్తాయి. అందరూ నవ్వుతారు. గంగులూ నవ్వుతాడు.

ఈసారి తానూ వేషం కడతానంటూ నక్క జంబులయ్య దిగాడు. అడవిలో పెద్ద నాటకాల కంపెనీలో పదేళ్లు ఆడాడట, ‘రంగకంఠీరవ’ బిరుదు కూడా ఉందట. కంఠీరవమంటే సింహం. ఆ సంగతి సింహం చెవిన పడలేదు కాబట్టి బిరుదు నిలిచింది.

రిహార్సల్ చూసి మొహం చిట్లించాడు. ఇది తెరా, వడ్లబస్తానా అని అడిగాడు. గంగులుతో మాత్రం మెత్తగా మాట్లాడాడు.

“గంగులు బావా, నువ్వు పద్యం మరిచిపోతే జనం నవ్వుతున్నారు. అది మెప్పనుకుంటున్నావా?”

ఆ మాట గంగులుకు గుచ్చుకుంది. ఆ పూట గడ్డి కూడా ముట్టలేదు. పొరుగింటి పుల్లకూర రుచి కదా, మిగతావాళ్లంతా జంబులయ్య చెప్పిందే వేదమన్నారు.

రాక్షసుడి వేషం అతనిదే. చచ్చేది ఎడమ పక్క, కోళ్ల గంప దగ్గర. రాణి వేషం కట్టే కోడిపెట్ట మాచమ్మ తన పదకొండు పిల్లల్నీ ఆ గంప కిందే మూసి వస్తుంది. రాక్షసుడు పడిపోగానే అందరూ కళ్లు మూసుకుని వంద అంకెలు లెక్కపెట్టాలట. కంపెనీ నాటకాల్లో కరుణరసాన్ని అలాగే నిలబెడతారట.

ఎండ వాలాక తెర లేచింది. జంబులయ్య నిజంగానే నటుడు, ఉన్నమాట దాచకూడదు. రాగం తీస్తుంటే దూడలు పాలు మరిచిపోయాయి. కత్తిపోటు తిని, మూడడుగులు తూలి, తల్లిని తలుచుకుంటూ పద్యం పాడి గంప పక్కన ఒరిగిపోతే, మాచమ్మే కన్నీళ్లు పెట్టుకుంది. అందరూ కళ్లు మూసుకున్నారు.

గంగులు మాత్రం మూసుకోలేదు. తర్వాత తన పద్యమే. ఆ రెండో పాదం కోసం తడుముకుంటూ కళ్లు మూసుకోవాలన్న సంగతే మరిచాడు. చూస్తుండగానే చచ్చిన రాక్షసుడి ముందుకాలు మెల్లగా గంప అంచు కిందికి దూరింది.

గంగులు ఒక్క అడుగు వేసి ఆగాడు. తన ముసలి కాళ్లతో అక్కడికి చేరేలోపు జంబులయ్య పిల్లను కరుచుకుని ఉడాయిస్తాడు. దొంగ అని అరిచినా అంతే. నటుణ్ణి ఉన్నచోట ఆపే మాట లోకంలో ఒక్కటే ఉంది.

“వన్స్ మోర్,” అన్నాడు గంగులు.

దొడ్డంతా కళ్లు తెరిచి అదే కేక అందుకుంది. పద్యనాటకాల్లో అది ఆనవాయితీ. వన్స్ మోర్ పడితే చచ్చినవాడైనా లేచి, మళ్లీ పాడి, మళ్లీ చావాల్సిందే. జంబులయ్య కాలికి కోడిపిల్లలు వెచ్చగా తగులుతూనే ఉన్నాయి. కానీ అడవిలో సింహం ముందు ఆడితే ప్రాణాలతో బయటపడటమే మెప్పు, వన్స్ మోర్ అన్నవాళ్లు లేరు. పదేళ్లుగా ఆ మాట కోసం మొహం వాచి ఉన్నాడు. కాలు దానంతటదే వెనక్కి వచ్చింది.

లేచాడు, పాడాడు, చచ్చాడు. గంగులు మళ్లీ అన్నాడు. ఈసారి రాగం ఇంకాస్త పెంచి చచ్చాడు. ఏడో చావుకు గొంతు జీరపోయి, రాగం కాస్తా అసలు సిసలు నక్క కూతగా మారింది. తిరనాళ్ల నుంచి వస్తున్న కుక్కలు బండి కంటే ముందు దొడ్లోకి దూకాయి. వాటికి నాటకమని ఎవరు చెప్పారు? జంబులయ్య కిరీటంతోనే చేలకు అడ్డంపడి పరిగెత్తాడు.

మాచమ్మ గంపెత్తి చూసుకుంది. పదకొండూ ఉన్నాయి. గంగులు తాను చూసింది చెప్పాక పోలమ్మ, అంత గొప్పగా ఆడినవాడికి ఇదేం బుద్ధి అని వాపోయింది.

“ఆటలో వంక లేదు వదినా,” అన్నాడు గంగులు. “పదిమంది చూస్తున్నంతసేపూ వాడు మంచివాడే. మనమే కళ్లు మూసుకున్నాం.”

చప్పట్ల కోసం ఆడేవాణ్ణి ఆ చప్పట్లే పట్టిస్తాయి, అయినవాళ్ల కోసం ఆడేవాడికి తప్పులు కూడా అక్కరకొస్తాయి.