గంపలో పాటలు

సారంగపాణి మీట నొక్కాడు. పెట్టెలో ఫ్యాను తిరిగింది. తెర మీద తెల్లటి అక్షరాలు నాలుగు వరసలు వచ్చి అక్కడే ఆగిపోయాయి. లోపల్నించి టిక్కు టిక్కుమని చప్పుడు. కాసేపు ఊరుకుని మళ్లీ టిక్కు టిక్కు.

ఆ చప్పుడు అతనికి కొత్త కాదు. మఠానికి రాకముందు హనుమకొండలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో చాలా ఏళ్లు పనిచేశాడు. మనం దాచుకున్నవన్నీ ఉండేది హార్డ్ డిస్కులో. అది చెడిపోయేముందు అలాగే కొట్టుకుంటుంది.

మానేరు ఒడ్డున చిన్న మఠం అది. గురువు మాణిక్యమ్మ గారు. అందరూ అమ్మ అనే పిలుస్తారు. అమ్మకు గురువైన పెద్దాయన పాడిన తత్వాలు చుట్టుపక్కల ఊళ్లలో ముసలివాళ్ల నోళ్లలో మిగిలాయి. వాళ్లు పాడుతుంటే మఠంవాళ్లు కాగితాల మీద రాసి తెచ్చారు. పాడినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. ఆ కాగితాలు ముందు పెట్టుకుని, ఒకప్పుడు మగ్గం నేసిన భిక్షమయ్య ఒక్క వేలితో కంప్యూటర్లో కొట్టాడు. బడివాళ్లు కొత్తవి తెచ్చుకుని ఇచ్చేసిన పాత కంప్యూటర్ అది. వచ్చే ఆషాఢ పున్నమికి ఆ పాటలన్నీ పుస్తకంగా వేయించాలని అమ్మ కోరిక.

ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. గురువు మాట రాసిన కాగితం కాళ్ల కింద పడకూడదు. దానితో పని తీరిపోతే ఏట్లో కలపాలి. కొట్టేసిన కాగితాలు కొన్నాళ్లు ఉంచుదామా అని భిక్షమయ్య అడిగాడు. సారంగపాణి నవ్వి, కంప్యూటర్లోకి ఎక్కిందంటే రాయి మీద చెక్కినట్టే తాతా, కలిపెయ్యి అన్నాడు. భిక్షమయ్య ఆ కాగితాలకు పసుపు పెట్టి, దండం పెట్టి, మానేట్లో కలిపి వచ్చాడు.

ఇప్పుడు కాగితాలూ లేవు. పెట్టే లేవడం లేదు.

దుకాణంలో పనిచేసేటప్పుడు సారంగపాణికి పేరుండేది. ఎవరి చేతిలోనూ స్టార్ట్ కానిది పాణి చేతిలో అవుతుందని చెప్పుకునేవాళ్లు. తెచ్చినవాళ్లకూ కావలసింది అదే. మీట నొక్కితే బొమ్మ రావాలి. బొమ్మ వస్తే సంతోషంగా పట్టుకుపోయేవాళ్లు. మఠానికి వచ్చేటప్పుడు ఆ పేరును అక్కడే వదిలేశాననుకున్నాడు అతను. వదల్లేదు.

మూత విప్పాడు. దుమ్ము ఊదాడు. మెమరీ ముక్క తీసి, పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించాడు. లోపలి గుండ్రటి బ్యాటరీ మార్చాడు. తీగలు మార్చాడు. ఒక్కసారి మాత్రం రంగుల బొమ్మ వచ్చింది. వచ్చింది వచ్చింది అంటే వంటింట్లోంచి ఆడవాళ్లు చేతులు తుడుచుకుంటూ వచ్చి చూశారు. వాళ్లు చూస్తుండగానే తెర నీలంగా మారి ఆగిపోయింది.

ఆ ఒక్కసారి రావడమే అతన్ని చెడగొట్టింది. వచ్చిందంటే ఇంకోసారి వస్తుంది. ఆపడం, నొక్కడం. ఆపడం, నొక్కడం. సీడీ పెట్టి, డిస్కులో తప్పులు వెతికి సరిచేసే ప్రోగ్రాం నడిపించాడు. అది సగం కూడా పోకుండా నిలబడిపోయింది. చప్పుడు ఇంకా పెరిగింది. డిస్కు మీద చెయ్యి పెడితే వేడిగా కాలింది.

వంట చేసే రాజవ్వ గుమ్మంలో నిలబడి చూసింది. "ముసలెద్దును ముల్లుగర్రతో పొడిచినట్టు పొడుస్తున్నవు గద పాణీ" అంది. అతను మళ్లీ మీట నొక్కాడు.

మధ్యాహ్నం అమ్మ వచ్చారు. ఎట్లా ఉందని అడిగారు. సారంగపాణి పొద్దున్నుంచి చేసిందంతా చెప్పాడు. ఏది విప్పిందీ, ఏది మార్చిందీ, ఇంకా ఏమేం చేయబోతున్నదీ. అమ్మకు అందులో ఎంత తెలిసిందో గానీ అంతా విన్నారు. విని ఒక్క మాట అడిగారు.

"అండ్ల పాటలు ఏ జాగల ఉన్నయి బిడ్డా?"

అతనికి తెలియదు. ఎప్పుడూ చూడలేదు. కొట్టిందీ దాచిందీ భిక్షమయ్య ఒక్కడే.

"ముందుగాల అది లేవాలె గదమ్మా. లేస్తే అన్నీ కనవడ్తయి" అన్నాడు.

అమ్మ వెళ్లిపోయారు.

ఆ అడిగిన మాట మాత్రం అతన్ని కూర్చోనివ్వలేదు. లేచి భిక్షమయ్య గదిలోకి వెళ్లాడు. ముసలాయనకు నడుం పట్టేసి చాప మీదే ఉన్నాడు. దానికి తోడు పడిశం పట్టి గొంతు దాదాపు పోయింది. కంప్యూటర్ చెడిపోయిన సంగతి రాజవ్వ అప్పటికే చెప్పేసినట్టుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

పాటలు ఎక్కడ పెట్టినవు తాతా అని సారంగపాణి నిలబడే అడిగాడు. భిక్షమయ్య పెదాలు కదిలాయి. ఏమీ వినబడలేదు. మళ్లీ అడిగాడు. మళ్లీ అంతే. లేచి కూర్చుంటే గొంతు పెగులుతుంది అనుకున్నాడు సారంగపాణి. మఠంలోనే ఉండే లచ్చయ్యను పిలిచాడు. చెరో రెక్కా పట్టుకుని లేపబోయారు. సగం లేచేసరికి నడుం పట్టుకుని ముసలాయన మూలిగాడు. పడుకోబెట్టారు. కొంచెం ఆగి మళ్లీ చేతులేశారు.

భిక్షమయ్య ఉన్న గొంతంతా కూడదీసుకున్నాడు.

"నాకు గూడ మూత ఇప్పి రబ్బరు రుద్దుతవా ఏంది పాణీ?"

లచ్చయ్యకు నవ్వొచ్చింది. సారంగపాణికి రాలేదు. ఇంకొక్కసారి తాతా, మెల్లగ, అంటూ చంకల కింద చెయ్యి పెట్టాడు.

"వదిలిపెట్టుండ్రి."

అమ్మ గుమ్మంలో ఉన్నారు. ఇద్దరూ చేతులు తీసేశారు.

అమ్మ లోపలికి వచ్చి, కొంగు నడుముకు దోపుకుని, చాప పక్కన ఉత్త నేల మీద ఒత్తిగిలి పడుకున్నారు. పడుకుని, చెవిని భిక్షమయ్య నోటి దగ్గరికి జరిపారు.

ఆ మఠంలో అమ్మ నలుగురి ముందు పడుకోవడం ఎవరూ చూడలేదు. అమ్మ కూర్చుంటే మిగిలినవాళ్లు కాళ్లు కూడా చాపరు. భిక్షమయ్య సిగ్గుతో లేవబోయాడు. అమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి ఆపారు.

అప్పుడు ముసలాయన చెప్పడం మొదలుపెట్టాడు. నిలబడ్డవాళ్లకు పెదాలు కదలడమే కనబడింది. అమ్మ మాత్రం ఊకొడుతున్నారు. ఒకచోట మళ్లీ చెప్పమన్నారు. ఒకచోట చిన్నగా నవ్వారు. చాలాసేపు అలాగే ఉన్నారు.

లేచాక చీర దులుపుకుంటూ అమ్మ సారంగపాణితో చెప్పారు. తెర మీద అమ్మ అనే పేరుతో ఒక సంచి ఉందట. కొట్టాక ఇంకా దిద్దనివి, తప్పులున్నవి అందులో ఉన్నాయట. దిద్ది పూర్తిచేసినవన్నీ గంపలో వేశాడట.

ఏ గంప అని అడిగాడు సారంగపాణి.

"తెర మీద మూలకు గంప బొమ్మ ఉంటదట గద. అండ్ల."

సారంగపాణికి ఆ బొమ్మ తెలుసు. అది అక్కర్లేనివి పారేసే చెత్తబుట్ట. కానీ ఆ సంగతి భిక్షమయ్యకు ఎవరు చెప్పారు? మగ్గాల ఇళ్లలో నూలు చుట్టిన కండె గంపలో పడుతుంది. గంపలో పడిందంటే ఆ పని అయిపోయినట్టు. బతుకంతా అదే చూసిన మనిషి, అయిపోయిన పాటను గంపలో వేశాడు. జాగ్రత్తగా, ఒక్కొక్కటీ.

దుకాణంలో ఏ కంప్యూటర్ లేచినా సారంగపాణి చేసే మొదటి పని ఆ బుట్ట ఖాళీ చేయడం. బరువు తగ్గుతుందని. పొద్దున ఆ రంగుల బొమ్మ ఇంకాస్త నిలబడి ఉంటే, వాడుక కొద్దీ అతని చెయ్యి ముందు అక్కడికే పోయేది.

అతను అమ్మ పడుకున్న నేల వైపు ఒకసారి చూశాడు. తర్వాత బయటికి వెళ్లాడు.

ఇక మీట నొక్కలేదు. గోడ దగ్గర ప్లగ్గు పీకేశాడు. మరలు విప్పి హార్డ్ డిస్కు బయటికి తీశాడు. ఇంకా వేడిగానే ఉంది. మడతపెట్టిన గుడ్డ మీద దాన్ని పెట్టి పక్కన కూర్చున్నాడు. చచ్చిపోయిందా అని రాజవ్వ అడిగితే, లేదు పడుకుంది అన్నాడు.

అది బాగా చల్లబడ్డాక తువ్వాలులో చుట్టాడు. లచ్చయ్య బండి నడిపితే వెనక కూర్చుని, డిస్కును కుదుపులు తగలకుండా ఒళ్లో పెట్టుకుని పట్నంలో జమీల్ జిరాక్స్ దుకాణానికి తీసుకెళ్లాడు. జమీల్‌కు మంచి కంప్యూటర్ ఉంది. కొంత పనీ తెలుసు, పాణికున్న పాత పేరూ తెలుసు. డిస్కును చూసి, ఇంకోసారి స్టార్ట్ చేసి చూద్దామా అన్నాడు.

"వద్దన్నా. దాన్ని లేపొద్దు."

జమీల్ అతని మొహం చూశాడు. "ఈ మాట అంటున్నది నువ్వేనా" అన్నాడు.

సారంగపాణి పాత డిస్కును జమీల్ కంప్యూటర్‌కు పక్కన తగిలించాడు. కంప్యూటర్ తన సొంత డిస్కుతో లేచింది. పాతదాని మీద మొత్తం కంప్యూటర్‌ను లేపే బరువు లేదు. అడిగింది ఇస్తే చాలు.

ముందు గంప తెరిచాడు. అందులో పడ్డవాటికి పేర్లు పోయి, ఏవేవో అంకెలు వచ్చి ఉన్నాయి. ఏది ఏ పాటో తెలియదు. అన్నీ కలిపి అడగలేదు. ఒకటి అడిగాడు. వచ్చింది. ఇంకొకటి. మధ్యలో టిక్కుమంటే మౌసు మీంచి చెయ్యి తీసేసి ఊరుకునేవాడు. చప్పుడు ఆగాక మళ్లీ అడిగేవాడు. జమీల్ తెచ్చిన టీ మీద మీగడ కట్టింది. దుకాణానికి వచ్చినవాళ్లు జిరాక్స్ తీయించుకుని పోతున్నారు. ఇతను కదల్లేదు.

గంప అయిపోయింది. భిక్షమయ్య సంచి అన్నది, అమ్మ పేరున్న ఫోల్డరు, అందులోవి కొన్ని వచ్చాయి. తర్వాత డిస్కు గర్రుమని ఒకసారి అని ఊరుకుంది. మళ్లీ పలకలేదు. జమీల్ చెయ్యి మీట వైపు పోబోతే సారంగపాణి తల అడ్డంగా ఊపాడు. చాలన్నాడు.

వచ్చినవన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలో వేసుకున్నాడు. కాగితాల మీద కూడా తీయించుకున్నాడు.

మఠం గేటు దగ్గరే అందరూ నిలబడి ఉన్నారు. లేచిందా అని రాజవ్వ అడిగింది. లేవలేదన్నాడు. ఆమె మొహం వాడిపోయింది. ఆమెకు చెప్పడానికి కూడా ఆగకుండా అతను నేరుగా భిక్షమయ్య గదిలోకి వెళ్లి, చాప పక్కన కూర్చుని, పై కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. రాగం తెలియదు కాబట్టి ఉత్తగా చదివాడు.

"ఇల్లు నాదంటిని, ఇటుక నవ్వె. తలుపు నాదంటిని, గాలి నవ్వె."

భిక్షమయ్య కళ్లు మూసుకుని వింటున్నాడు. వేళ్లు చాప మీద తాళం వేస్తున్నాయి. తర్వాతి వరసలో అక్షరాలు లేవు. చిన్న చిన్న గళ్లు, ప్రశ్న గుర్తులు. సారంగపాణి ఆగాడు.

ఎందుకాపినవని ముసలాయన సైగ చేశాడు.

"ఈడ పోయింది తాతా."

"ఏడికి వోతది" అని గొణిగి, భిక్షమయ్య గొంతు సవరించుకున్నాడు. బొంగురుగా, పడుకునే అందుకున్నాడు.

"వెలుగు నాదంటిని, వత్తి నవ్వె."

ఆ ముందు వరస వింటే గానీ అతనికి ఈ వరస వచ్చేది కాదు. సారంగపాణి చొక్కా జేబులోంచి పెన్ను తీసి గళ్ల మీద రాసుకున్నాడు. తర్వాతిది చదివాడు. గొంతు పోయిన మనిషి పాడుతుంటే వంటింట్లోంచి రాజవ్వ కూడా పల్లవి కలిపింది. ఒక పాటలో మాత్రం ఒక చరణం భిక్షమయ్యకూ రాలేదు. చాలాసేపు వెతుక్కుని, అది పోతుగల్లు ఊరి లింగవ్వ పాడింది, ఆమె దగ్గరికి పోయి ముందుది చదువు, వెనకది ఆమె చెప్తది అన్నాడు. సారంగపాణి పక్కన లింగవ్వ అని రాసుకున్నాడు.

తలెత్తేసరికి అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు.

కాగితాలు ఒళ్లో పెట్టుకునే అతను తల వంచాడు.

"అమ్మా, కంప్యూటర్ ఇగ లేవదు."

అమ్మ గుమ్మంలోనే కూర్చున్నారు. వెనక్కి తల ఆనించి కళ్లు మూసుకున్నారు.

"పాట ఆపకు బిడ్డా" అన్నారు.