మచ్చలేని మడి

ఎర్రగడ్డకు, అదే ఉల్లిగడ్డకు, తెగులు ఎలా వస్తుందో దస్తగిరికి తెలుసు. రాకుండా ఎలా కాపాడాలో ఇంకా బాగా తెలుసు. అతని చిక్కల్లా, తనకు తెలుసన్న సంగతి అందరికీ తెలియాలనుకోవడమే.

కర్నూలు దిక్కు పల్లెల్లో వరసగా రెండేళ్లు ఎర్రగడ్డ పంట దెబ్బతింది. ముసురు పట్టగానే ఆకుల మీద ఊదారంగు మచ్చలు లేచేవి. గడ్డ ఊరకముందే కాడలు విరిగి మడి మడంతా పడిపోయేది. రైతులు దర్గాలో ఉండే అమీన్ తాత దగ్గరికి వచ్చి మొరపెట్టుకున్నారు. ఆయన ఫకీరే గానీ, దర్గా వెనకున్న చేలో దిగని రోజు ఉండదు.

తాత తన శిష్యుడు దస్తగిరిని పిలిచాడు. "ఊరూరా తిరిగి రకరకాల ఎర్రగడ్డ విత్తనం తీసుకురా. అన్నీ ఒకే మడిలో పెంచు. తెగులుకు తట్టుకునేది ఏదో పట్టుకుంటే, దాని విత్తనం వీళ్లకిద్దాం" అన్నాడు.

దస్తగిరి విత్తనాలు తెచ్చి మడిలో వేసి, మొలిచిన మొక్కల్ని కన్నబిడ్డల్లా సాకాడు. ఎక్కడైనా మచ్చ కనిపిస్తే ఆ ఆకు తుంచేసి, మడంతా మందు కొట్టేవాడు. చుక్క నీరు నిలవనిచ్చేవాడు కాదు. మడి పచ్చగా కళకళలాడింది.

బొజ్జన్న అనే రైతు వచ్చి చూసి నోరెళ్లబెట్టాడు. పాపం, అతని పంట ఆ ఏడు కూడా పోయింది. తాతకు చూపించడానికి మచ్చలు పడిన ఆకులు గంపలో వేసుకొచ్చాడు.

"మళ్లా పోతే చేను అమ్ముకోవడమే సామీ. మాకు ఈ మడి విత్తనమే ఇయ్యల్ల" అన్నాడు.

"ఇస్తాలే అన్నా. ఒక్క ఆకు మీదన్నా మచ్చ ఉంటే చూపించు" అన్నాడు దస్తగిరి, గట్టు మీదున్న తాతకు వినబడేలా.

తాత విన్నాడు. "వీటిలో తెగులుకు తట్టుకునేది ఏది?" అని అడిగాడు.

"అన్నీ తట్టుకుంటాయి తాతా."

తాత బొజ్జన్న గంప అందుకుని మడిలోకి దిగాడు. ఆ జబ్బు ఆకుల్ని మొక్కల మధ్య చల్లుకుంటూ పోయాడు.

దస్తగిరికి ఏడుపొక్కటే తక్కువ. అడ్డం పోయి గురువు చేయి పట్టుకున్నాడు. పట్టుకోవడం తప్పని కూడా తోచలేదు.

"పెంచినోణ్ణి నేను తాతా. చంపుతావా వాటిని?"

"చచ్చేవి నీ మడిలో చావాలా, బొజ్జన్న చేలోనా?"

దస్తగిరి చేయి వదిలేశాడు.

తాత బొజ్జన్న వైపు తిరిగాడు. "ఈ ఏడు కొర్ర చల్లుకో. వచ్చే ఏడు ఎర్రగడ్డ విత్తనం మావాడే నీ ఇంటికి తెచ్చిస్తాడు." పచ్చటి మడిని చేతులారా చెడగొట్టి అంత ధీమాగా ఎలా మాట్లాడుతున్నాడో బొజ్జన్నకు అంతు పట్టలేదు. అయినా తాత మాట మీద సరేనని వెళ్లాడు.

మళ్లీ ముసురు పట్టింది, తెగులు లేచింది. మందు డబ్బా జోలికి పోవద్దని తాత ముందే చెప్పాడు. దస్తగిరి గట్టున కూర్చుని, ఒక్కొక్క మొక్కే వాలిపోతుంటే చూస్తూ ఉండేవాడు. అన్నం సహించేది కాదు. చివరికి అక్కడక్కడ కొన్నే మిగిలాయి.

ఎండ కాశాక తాత దారం ఉండ ఇచ్చి, "విత్తనానికి ఉంచాల్సినవాటికి కట్టు" అన్నాడు.

దస్తగిరి మడంతా వెతికాడు. గట్టు వారన, మెరక మీద, గాలీ ఎండా బాగా తగిలే చోట కొన్ని మొక్కలు నిగనిగలాడుతున్నాయి. సంతోషంగా వాటికి దారాలు కట్టాడు.

తాత మడి నడుమకు నడిచాడు. చుట్టూ కుళ్లిన కాడల మధ్య ఒక మొక్క నిటారుగా నిలబడి ఉంది. దాని ఆకుల మీద చిన్న చిన్న మచ్చలు లేచి, పెరగలేక అక్కడికక్కడే ఎండిపోయాయి. తాత వేళ్లతో మట్టి తప్పించి చూపించాడు. కింద గడ్డ పిడికిలంత ఊరింది.

"అవతలివాటికి ఒక్క మచ్చ కూడా లేదు కదా తాతా" అన్నాడు దస్తగిరి.

"వాటి దగ్గరికి తెగులు పోలేదు" అన్నాడు తాత. "దీని దగ్గరికి వచ్చి ఓడిపోయింది."

దస్తగిరి గట్టు దగ్గరికి వెళ్లి, తాను కట్టిన దారాలు విప్పడం మొదలుపెట్టాడు.