ఆ ఒక్క బఠాణీ

ఏడుకొండలుకు ఆ వారం సరిగ్గా నిద్ర పట్టలేదంటే దానికి కారణం ఒక గుండ్రటి ఇనప చక్రం. ఇంజను వెనకాల తిరిగే ఫ్లైవీలు అది. దాన్ని ఎంత తేలిక చేయించాలి, దానికి ఏ క్లచ్ జోడించాలి అన్నదే అతని బెంగ.

బెంగ ఊరికే రాలేదు. విజయవాడ ఆటోనగర్‌లో మీరావలి ఉస్తాద్ షెడ్డుకి ఒక ఆచారం ఉంది. అక్కడ పని నేర్చుకుని సొంత షెడ్డు పెట్టుకోవాలనుకున్నవాడు ముందు ఒక బండికి క్లచ్ పని మొత్తం తన బుద్ధితోనే చేసి చూపించాలి. ఏ ప్లేటు, ఏ ఫ్లైవీలు అన్నది కూడా వాడే తేల్చుకోవాలి. తర్వాత ఉస్తాద్ ఆ బండిలో కూర్చుని ఒకసారి తిరిగొస్తాడు. నచ్చితే, తుమ్మకర్రతో తానే చెక్కిన జానెడు పుల్ల ఒకటి శిష్యుడి చేతిలో పెడతాడు. గేర్‌బాక్స్ ఎక్కించేముందు క్లచ్ ప్లేటుని నడిమధ్యన నిలబెట్టడానికి వాడే పుల్ల. బజారుకెళ్తే అలాంటివి ప్లాస్టిక్‌వి ఎన్నయినా దొరుకుతాయి. అయినా ఆ షెడ్డులో ప్రతివాడి కన్నూ ఆ కర్రపుల్ల మీదే ఉంటుంది.

కొండలు వంతుకి వచ్చిన బండి ప్రమీలారాణి టీచరుగారి చిన్న కారు. ఆవిడ భర్త బతికుండగా దాన్ని ముద్దుగా మార్చుకున్నాడు. ఇంజనుకి టర్బో బిగించాడు, పొగగొట్టం మార్చాడు, లోపల ఏమేమో చేశాడు. క్లచ్ మాత్రం పాతదే ఉండిపోయింది. దాన్ని మార్చేలోపు ఆయనే పోయాడు. ఇప్పుడు యాక్సిలేటర్ తొక్కితే ఇంజను అరుస్తుంది గానీ క్లచ్ జారిపోయి కారు ముందుకు పోదు. కాలిన వాసన ఒకటి.

"అమ్మేయమని మా అన్నయ్య ఒకటే పోరు బాబూ. పందాలకి కొనుక్కునేవాళ్ళెవరో ఆదివారం వస్తారట," అంది ఆవిడ తాళాలు ఇస్తూ. "ఆయన పెట్టినవేవీ పీకొద్దు. నేను మాత్రం రోజూ స్కూలుకి దీంట్లోనే వెళ్ళాలి. ఎప్పుడైనా హైవే మీద ఒక్కసారి గట్టిగా తొక్కుకుంటాను. ఆ శబ్దం వింటే ఆయన పక్కనున్నట్టుంటుంది. అలా వీలుకాదంటే ఇప్పుడే చెప్పండి, ఇచ్చేస్తాను."

ఇన్ని మాటల్లో కొండలు చెవికి ఎక్కింది 'గట్టిగా తొక్కుకుంటాను' అన్నదొక్కటే.

ఇంజను బలమెంతో తూచుకున్నాడు. అది ఎగిరి గంతేసినా జారని క్లచ్ కావాలి. పందెం కార్లకి వేసే రాగిముక్కల ప్లేటు తెప్పించాడు. దాని మీదికి, ప్లేటుని అదిమిపట్టే బండ స్ప్రింగు. ఫ్లైవీలు తేలికైతే ఇంజను చటుక్కున లేస్తుందని, సగం బరువుది తెప్పించాడు. అన్నీ బల్లమీద వరసగా పేర్చి, పెళ్ళికూతురి నగలు చూపించినట్టు ఉస్తాద్‌కి చూపించాడు.

ఉస్తాద్ వాటిని చూసి తలూపాడు. "మంచి సరుకు," అన్నాడు. అంతలోనే, "టీచరమ్మ ఏ చెప్పులేసుకుంటుందిరా?" అని అడిగాడు.

కొండలు బిత్తరపోయాడు. "చెప్పులా? చూళ్ళేదు ఉస్తాద్."

"ఊఁ," అని ఉస్తాద్ టీ తాగడానికి లేచాడు.

చెప్పులకీ క్లచ్‌కీ ఏమిటి సంబంధం? కొండలుకు ఆ ముక్క రోజంతా గుచ్చుకుంటూనే ఉంది. అసలే అతనిది అడక్కుండా ఉండలేని నోరు. సాయంత్రం మళ్ళీ వెళ్ళాడు. "ఉస్తాద్, తేలిక ఫ్లైవీలే చురుకు కదా. మరి కంపెనీవాడు అంత బరువుది ఎందుకు పెట్టి చచ్చాడు?"

 ఉస్తాద్ అతని చెయ్యి పట్టుకుని పక్క కొట్లోకి తీసుకెళ్ళాడు. అక్కడ సీటు కవర్లు కుట్టే జానీ మిషను తొక్కుతున్నాడు. మందపాటి మడత దగ్గర జానీ కాలు ఆపాడు. మిషను చక్రం ఇంకాస్త తిరిగి, సూది ఆ మడతని దాటి ఆగింది.

"చూశావా?" అన్నాడు ఉస్తాద్.

"చూశాను."

"ఏం చూశావు?"

"జానీ కుట్టడం."

ఉస్తాద్ నవ్వి షెడ్డుకి తిరిగొచ్చాడు. కొండలు తాను అనుకున్నదే బిగించాడు.

మర్నాడు పొద్దున స్కూళ్ళ వేళకి ఉస్తాద్ ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. ఒక చేతిలో వేయించిన బఠాణీల పొట్లం, ఒళ్ళో ఖాళీ అల్యూమినియం డబ్బా.

"పోరంకిలో టీచరమ్మ ఇంటి నుంచి భవానీపురంలో ఆమె స్కూలుదాకా పోదాం పద. నేనింకా టిఫిన్ చెయ్యలేదు. ఇంజను తన సత్తువంతా చూపించినప్పుడల్లా ఒక బఠాణీ తింటా. నువ్వు క్లచ్ తొక్కినప్పుడల్లా ఒకటి ఈ డబ్బాలో వేస్తా."

ఈ ఆట ఏమిటో కొండలుకు అర్థం కాలేదు. కానీ ముసలాయన కడుపు నింపేస్తానని మనసులో అనుకున్నాడు.

బందరు రోడ్డు ఆ వేళలో ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. షేర్ ఆటోలు ఎక్కడపడితే అక్కడ ఆగుతున్నాయి. కారు రెండు బారలు కదలడం, ఆగడం. కదిలిన ప్రతిసారీ రాగిముక్కల ప్లేటు గభాలున పట్టుకుంటోంది, కారు నిలువెల్లా వణుకుతోంది. డబ్బాలో టంగుమని ఒక బఠాణీ, మళ్ళీ ఒకటి. బెంజి సర్కిల్ దాటేసరికి ఆ బండ స్ప్రింగుని తొక్కీ తొక్కీ కొండలు ఎడమకాలి పిక్క బిగుసుకుపోయింది. అదేమీ లేనట్టు మొహం పెట్టాడు.

కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుడులో బస్సు ఆగితే దాని వెనక ఆగాడు. బస్సు కదిలింది. కొండలు క్లచ్ వదిలాడు, ఇంజను చప్పున చచ్చిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాడు, మళ్ళీ చచ్చింది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. కొండలుకు జానీ మిషను చక్రం గుర్తొచ్చింది. కాలు ఆగినా తన బరువుతోనే ఆగకుండా తిరిగిన చక్రం. 

మూడోసారి ఇంజనుని గట్టిగా అరిపించి ఎలాగో కదిలించాడు. ఫ్లైఓవర్ పైన కాస్త ఖాళీ దొరికితే కసిగా అదిమి తొక్కాడు. కారు బాణంలా దూసుకుపోయింది, క్లచ్ వెంట్రుకవాసి కూడా జారలేదు. ఉస్తాద్ కళ్ళు మూసుకుని ఒక బఠాణీ నోట్లో వేసుకుని మెల్లగా నమిలాడు.

స్కూలు గేటు దగ్గర కారు ఆగింది. పొట్లం ఖాళీ. డబ్బా నిండింది. ఉస్తాద్ డబ్బా వైపు చూశాడు, కొండలు వైపు చూశాడు.

"ఆకలేస్తోందిరా కొండలూ," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు దారిపొడవునా కొండలుకు రెండు బాధలు. సిగ్గు ఒకటి, పుల్ల చేజారిపోయిందన్న దిగులు ఇంకొకటి. షెడ్డు చేరాక, "కంపెనీ క్లచ్చే పెట్టేస్తాను ఉస్తాద్. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చాను," అన్నాడు.

ఉస్తాద్ గుమ్మంలో ఆగాడు. "మరి ఆ ఒక్కటీ ఎవరు తింటార్రా?"

కొండలు లెక్కేసుకున్నాడు. కంపెనీ క్లచ్ పెడితే టీచరుగారు ఏ శబ్దం కోసం ఆ కారుని అట్టేపెట్టుకుందో ఆ శబ్దానికే అది జారిపోతుంది. రాగిముక్కలది పెడితే ఆవిడ స్కూలుదాకా కూడా వెళ్ళలేదు. డబ్బాడు బఠాణీలూ ఆవిడవే, ఆ ఒక్కటీ ఆవిడదే.

అప్పుడు చేశాడు మొదటే చేయాల్సిన పని. టీచరుగారిని షెడ్డుకి పిలిచాడు. అక్కడున్న బళ్ళన్నిట్లో ఒక్కొక్కదాంట్లో కూర్చోబెట్టి క్లచ్ తొక్కించాడు. "ఇది ఎలా ఉందండీ? ఇది?"

ఆవిడ పల్చటి అట్టలాంటి చెప్పులు వేసుకుంది. రోజంతా నిలబడి పాఠాలు చెప్పే మోకాలు. కొన్నిటిని తొక్కి పెదవి విరిచింది, కొన్నిటికి మోకాలు పట్టుకుంది. ఒక పాత వ్యాను దగ్గర మాత్రం, "ఇదయితే ఫర్వాలేదు బాబూ, కాస్త గట్టిగా ఉంది గానీ తొక్కగలను," అంది.

కొండలు ఆ వ్యాను పెడల్‌ని తానూ చాలాసేపు తొక్కి చూశాడు. ఆ బరువుని కాలికి బట్టీ పట్టించాడు. తర్వాత వెతుకులాటంతా దాన్నిబట్టే సాగింది. కంపెనీదానికన్నా ఒక మెట్టు గట్టి స్ప్రింగు దొరికింది. ఇంజను బలానికి అది సరిగ్గా చాలుతుంది, మిగలదు. ప్లేటు మాత్రం మెత్తగా పట్టుకునే మామూలు రకందే వేశాడు. తేలిక ఫ్లైవీలుని మూటగట్టి అటకెక్కించి, పాత బరువుదాన్నే లేతు మీద ముఖం చదును చేయించి బిగించాడు. తుప్పుపట్టిన క్లచ్ కేబుల్ తీసి కొత్తది వేస్తే పెడల్ ఇంకాస్త తేలికపడింది.

శనివారం పొద్దున పోరంకి నుంచి టీచరుగారే నడిపింది. ఉస్తాద్ వెనక సీట్లో కూర్చున్నాడు. ఈసారి పొట్లమూ డబ్బా కొండలు చేతిలో ఉన్నాయి.

మొదట్లో ఆవిడ భయంభయంగా కాలివైపే చూసుకుంది. పటమట వచ్చేసరికి కబుర్లలో పడింది. ఆవిడ క్లాసులో ఒక పిల్లాడున్నాడట, సుద్దముక్కలు తింటాడట. కొడితే మానడు, బతిమాలితే మానడు. చివరికి ఆవిడ ఒకరోజు తానూ ఒక ముక్క కొరికి, "ఉప్పు తక్కువైందిరా" అందట. ఇది చెబుతూనే ఫ్లైఓవర్ ఎక్కుడులో బస్సు వెనక ఆగింది, చెబుతూనే కదిలింది.

"మరి మానేశాడా అండీ?" అన్నాడు కొండలు.

"ఎక్కడా? మర్నాడు ఉప్పు పొట్లం తెచ్చుకున్నాడు."

స్కూలు గేటు వచ్చింది. ఆవిడ ఆపలేదు. "ఇంకా టైముంది," అంటూ గొల్లపూడి దాటి హైవే ఎక్కింది. రోడ్డు ఖాళీగా ఉన్నచోట రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుని తొక్కింది. ఇంజను గొంతెత్తింది. ఏదీ జారలేదు. ఎక్కడా కాలిన వాసన లేదు. కొంతదూరం పోయాక ఆవిడ వేగం తగ్గించి, పక్కకి ఆపి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆదివారం ఎవర్నీ రావద్దని అన్నయ్యకి చెప్తాను," అంది.

 వెనక సీట్లోంచి ఉస్తాద్ చెయ్యి ముందుకు వచ్చింది. "నాది నాకివ్వరా."

కొండలు పొట్లంలోంచి ఒక బఠాణీ తీసి ఆ అరచేతిలో పెట్టాడు. ఉస్తాద్ దాన్ని నమిలి మింగి, "డబ్బా నిండిందా?" అని అడిగాడు.

కొండలు డబ్బాలోకి చూశాడు. అడుగున ఏవో నాలుగు గింజలు కనిపించాయి. పొట్లం నిండుగానే ఉంది.

"సుద్దముక్కల కథ వింటూ మర్చిపోయాను ఉస్తాద్. ఆవిడ ఎప్పుడు తొక్కారో తెలియలేదు."

ఉస్తాద్ చెయ్యి మళ్ళీ ముందుకు వచ్చింది. ఈసారి అందులో తుమ్మకర్ర పుల్ల ఉంది.