వెళ్ళేటప్పుడు కనపడే బోర్డు

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన, వారానికోసారి సంత జరిగేది. తొలకరి పడింది కదా అని పోలమ్మ అనే గాడిద బండి కట్టుకుని ఆ సంతకొచ్చింది. విత్తనానికి ఒక మూట వేరుశనక్కాయలు కొనుక్కుంది. ఏడాది తిండంతా ఆ మూటలోనే ఉంది మరి!

తిరిగొచ్చి చూస్తే ఏముంది? మద్దిచెట్టు కింద పెట్టిన బండి చక్రానికి ఎవరో తీగ చుట్టేశారు. పక్కనే నక్క జంబన్న మీసం దువ్వుకుంటున్నాడు.

"ఈ జాగా నాది. బండి పెట్టినందుకు సగం మూట ఇచ్చి కదులు," అన్నాడు.

"అయ్యో, నాకు తెలీదే!" అంది పోలమ్మ.

"బోర్డు పెట్టాను, చూసుకోవద్దూ? నచ్చకపోతే తగవులు తీర్చే ఏనుగు తాతతో చెప్పుకో. ఓడిపోయావో, మూట మొత్తం నాదే. అది అడవి కట్టుబాటు!"

చుట్టూ సంతకొచ్చినవాళ్ళు మూగారు.

"ఇచ్చేసెయ్ వదినా, నక్కతో మనకెందుకు?" అంది కాకి.

"ఇవ్వకత్తా! తీగ తెంపేసి పారిపో!" అంది కోతి.

"ఉండమ్మా," అంది తాబేలు. "నువ్వొచ్చిన దారినే ఒకసారి నడిచి చూడు. బోర్డు కనపడితే మాట్లాడకుండా అడిగింది కట్టెయ్. కనపడకపోతే అప్పుడు ఆలోచిద్దాం."

పోలమ్మ దారి దాకా వెళ్ళి, మళ్ళీ చెట్టు దాటి బండి దాకా నడిచింది. అటు చూసింది, ఇటు చూసింది. బోర్డు లేదు. వెనక్కి తిరిగితే మాత్రం ఎదురుగా ఉంది! చెట్టుకి అవతలివైపు, వెళ్ళేవాళ్ళకి కనపడేలా కట్టాడు మహానుభావుడు.

'బోర్డైతే ఉంది కదా, తాత కాదంటే విత్తనమంతా పోతుంది. ఇచ్చేస్తే సగమైనా మిగులుతుంది,' అని కాసేపు ఊగిసలాడింది. 'చూడని దానికి కట్టడమేమిటి, నా మొహం!' అనుకుని తాత దగ్గరికే వెళ్ళింది.

ఏనుగు తాత వచ్చి తీగ తెంపాడు. బండిని దారి దాకా లాక్కెళ్ళి, మళ్ళీ తెచ్చి చెట్టు కింద పెట్టాడు.

"బోర్డేదిరా?" అన్నాడు.

"వెనక్కి తిరగండి తాతా!" అన్నాడు జంబన్న హుషారుగా.

తాత తిరిగి చూశాడు. "ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! బండి పెట్టాక కనపడే బోర్డా ఇది? అయితే ఇప్పుడు నేను కూడా నీకు సగం మూట ఇవ్వాలన్నమాట!"

సంతంతా పగలబడి నవ్వింది. పోలమ్మ బాకీ కొట్టేశాడు తాత.

అంతలో దున్నపోతు పరుగెత్తుకొచ్చింది. "నా బాకీ కూడా కొట్టెయ్యండి తాతా! పోయిన సంతలోనే ఆ బోర్డు చూశాను గానీ, ఏమవుతుందిలే అని..."

"చూసే పెట్టావా? అయితే నువ్వు కట్టాల్సిందే," అన్నాడు తాత.

పోలమ్మ మూట మొత్తం ఇంటికి తెచ్చుకుని, ఆ సాయంత్రమే దుక్కిలో విత్తనం వేసింది. పై వారానికి జంబన్న బోర్డుని దారివైపు తిప్పి కట్టాడు. పోలమ్మ దాన్ని ఆసాంతం చదివింది. బండిని వాగు అవతలే ఆపి, కూనిరాగం తీస్తూ సంతకి నడిచొచ్చింది.

నీతి: ఎవరో గద్దించారని కట్టేయకు, కోపమొచ్చిందని కలబడకు, ముందు నిజమేదో నీ కళ్ళతో చూసుకో, అది నీ వైపుంటే భయపడకుండా న్యాయం అడుగు.