గరిటెడమ్మ కుళ్ళు మొక్కు

ఎర్రవాగు దాటి గరిటెపాడులో అడుగుపెట్టే భక్తులకు గుడి గంట కంటే ముందు అట్ల వాసన తగులుతుంది. గర్భాలయంలో విగ్రహం కోసం వెదకనక్కరలేదు. అక్కడున్నది ఒక రుబ్బురోలు. దాని పొత్రానికి పసుపు రాసి, వెండి కళ్ళు అతికించారు. ఆవిడే గరిటెడమ్మ తల్లి. ఆవిడ కథ చెప్పాలంటే తోడికోడళ్ళ గొడవ చెప్పక తప్పదు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, మంగాయమ్మ అనే ఇల్లాలి వంటిల్లు ఉండేది. ఆవిడ పెద్దకోడలు వీరాయమ్మ పదకొండేళ్ళుగా ఆ ఇంటికి అట్లు పోసింది. బియ్యం, మినప్పప్పు ఇదే రోట్లో రుబ్బి, సాయంత్రం కుండకెత్తి, పొద్దున్నే పెనం మీద పోస్తే వంకపెట్టినవారు లేరు. చిన్నకోడలు సోమిదేవి కాపురానికి వచ్చాక ఇద్దరూ వంతులు వేసుకున్నారు. ఎవరి కుండ వారిదే. ఒకనాడు మామగారు విస్తరి ముందు కూర్చుని, "ఇవాళ చిన్నదాని వంతేనా?" అని ఆశగా అడిగారు. ఆయన అడిగింది అంతే. వీరాయమ్మకు ఆ మాట ముల్లై గుచ్చుకుంది.

నాటినుంచి చిన్నదాని అట్టుకు చిల్లులు బాగా పడితే ఏడుపు, అంచు ఎర్రగా కాలితే ఏడుపు. పైకి నవ్వేది, ఆ కుండ కంటబడితే కడుపు మండేది. ఇంతలో మంగాయమ్మకు చూపు తగ్గింది. రాబోయే శుక్రవారం ఎవరి అట్టు బాగుంటే వారికి ఇంటి పెనం అప్పగిస్తానంది. ఆ ఇంట పెనం ఎవరిదో పెత్తనం వారిది. పదకొండేళ్ళ చాకిరీ నిన్నగాక మొన్న వచ్చినదాని పాలవుతుందేమోనని వీరాయమ్మకు నిద్ర కరవైంది.

గురువారం దీపాలవేళ సోమిదేవి నీళ్ళకు వెళ్ళగానే, ఆవిడ కుండలో వీరాయమ్మ సున్నపు నీళ్ళు కలిపింది. మూత పెట్టి, ఏమీ ఎరగనట్టు పెరట్లోకి వెళ్ళి పూలు కోసుకుంది.

తెల్లవారి చూస్తే రెండు కుండల్లోనూ పిండి పొంగలేదు. సోమిదేవి తల వంచుకుని చెప్పింది. "తప్పు నాదే అత్తయ్యా. రోజూ రాత్రి నా పిండి గరిటెడు అక్క కుండలో వేసి, అక్క పిండి గరిటెడు నా కుండలో వేసుకుంటున్నా. తోడికోడళ్ళ పిండి ఒకదానికొకటి తోడని మా అమ్మ చెప్పేది. నా కుండలో ఏ దోషం ఉందో, అక్కదీ చెడింది."

ఇన్నాళ్ళూ మామగారు మెచ్చినది ఎవరి అట్టో ఇక బ్రహ్మదేవుడైనా చెప్పలేడు. వీరాయమ్మకు సిగ్గు వేయవలసింది. వేయలేదు. దీనికి చెయ్యే కాదు, మనసూ మంచిదేనా అని ఆ మంచితనం మీద కూడా కుళ్ళు పుట్టింది. మంగాయమ్మ చిన్నకోడలిని పొయ్యి దరికి రావద్దని చెప్పి, పెనం పెద్దకోడలికి ఇచ్చింది. వీరాయమ్మ నోరు మెదపకుండా పుచ్చుకుంది.

ఆ తరువాత మూడు రోజులు ఆ ఇంట పిండి పులియలేదు, కుళ్ళింది. నాలుగోనాటి తెల్లవారుజామున రుబ్బురోలు వీరాయమ్మ కలలో పలికింది. "పెనం పుచ్చుకున్నావు, కుళ్ళు దాచుకున్నావు. దాచినంతకాలం నీ కుండలో ఉండేది అదే. పదిమందిలో పైకి తియ్యి, గరిటెడు పిండి నాకు పొయ్యి."

వీరాయమ్మ అందరినీ రోటి దగ్గరకు పిలిచి, పెనం కింద పెట్టింది. "సోమిదేవీ, నీమీద నాకు కుళ్ళు. సున్నం కలిపింది నేనే."

"నాకూ నీమీద కుళ్ళేనక్కా," అంది సోమిదేవి. "తోడని చెప్పాను గానీ, నీ చేతి రుచి నాకు రాలేదనే రోజూ నీ కుండలో గరిటె ముంచింది. నా పిండి వేసింది నీది తగ్గినట్టు తెలియకుండా ఉండాలని."

మంగాయమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "పెనం ఇద్దరూ కలిసి మొయ్యండి, బరువే," అంది. కోడళ్ళు చెరొక గరిటెడు పిండి పోయగా, రోలు అంచుదాకా పొంగింది. అలా ఆ తల్లి గరిటెడమ్మ అయింది.

నేటికీ శుక్రవారాలలో తోడికోడళ్ళు, ఆడపడుచులు, ఇరుగుపొరుగువారు జంటగా పిండి తెచ్చి, "నీమీద నాకు కుళ్ళు" అని కారణంతో సహా పైకి చెప్పి, గరిటెడు పిండి మార్చుకుంటారు. కారణం మింగితే మొక్కు చెల్లదు. ఇలా చెల్లించినవారి ఇంట పిండి పొంగుతుందనీ, మాటలు నిలుస్తాయనీ పెద్దలంటారు. నాకు ఎవరిమీదా కుళ్ళు లేదన్నవారికి మాత్రం ఇక్కడ ప్రసాదం పెట్టరు. ఇంటికి వెళ్ళి, బాగా ఆలోచించుకుని, మళ్ళీ రమ్మంటారు.